నెయ్యి అంటని పుస్తకం

పూతరేకుల వాసన ఆ వీధిలో ఏ ఇంట్లోంచైనా వస్తుంది. కథ వినిపించే ఇల్లు మాత్రం ఒక్కటే, సత్యదుర్గది. వాడపల్లి దారిలో కాలవ వంతెన దిగాక, ఎండు కొబ్బరాకు మంట చిటపటల మధ్య ఎవరో ఎవరినో లేవదీసుకుపోతున్నట్టో, ఎవరికో పాత ప్రేమ గుర్తొచ్చినట్టో మాటలు వినబడితే అదే ఇల్లు. ఇప్పుడంటే వీధి వీధంతా ఆగి ఓ చెవి వేసి పోతున్నారు గానీ, ఆ పొయ్యి దగ్గర కథకి కాస్త చోటు సంపాదించడానికి సత్యదుర్గ పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు.

రాయవరం నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఆవిడ ట్రంకుపెట్టెలో చీరలకంటే, వారపత్రికల్లోంచి చింపి సూదీదారంతో కుట్టుకున్న సీరియళ్లే ఎక్కువ. చదివింది అయిదో తరగతి. అయితేనేం, పకోడీల పొట్లం విప్పితే ముందు కాగితం చదివి తర్వాత పకోడీ తినే మనిషి. కాగితం చిరిగిన చోట కథ ఆగిపోతే మిగతా ముక్క ఏ పొట్లానికి పోయిందో చెప్పమని బడ్డీకొట్టువాణ్ణి నిలేసేది.

అత్తగారు వీరాయమ్మ ఆ పెట్టె చూసింది. కోడల్ని తీసుకెళ్లి వసారాలో పొయ్యి ముందు కూర్చోబెట్టింది. పొయ్యి మీద బోర్లించిన కుండ. పక్కన గిన్నెలో బియ్యప్పిండి, మజ్జిగకంటే పల్చగా. అందులో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో రేకు లేస్తుంది. చిరక్కుండా దాని అంచు పట్టి తియ్యాలి. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చినుగుతుంది. ఫాను వేస్తే ఎగిరిపోతుంది. రెండు చేతులూ పొద్దుట నుంచీ అక్కడే.

"మూడో చెయ్యుంటే చెప్పమ్మా, దాంతో పుస్తకం పట్టుకుందువుగాని," అంది వీరాయమ్మ.

ఆ మాటకి సత్యదుర్గ నవ్వింది. ఆ నవ్వుని వీరాయమ్మ ఒప్పుకోలు అనుకుంది. అక్కడే పొరబడింది.

అవి తొంభైల నాటి రోజులు. బజార్లో ధర్మరాజుగారికి అద్దె పుస్తకాల కొట్టుండేది. సత్యదుర్గ నవలలు తెచ్చుకుని, రేకులు చుట్టే వేళ, అంటే రేకు మీద నెయ్యి రాసి పంచదార పొడి చల్లి మడతపెట్టే వేళ, ఒళ్లో పెట్టుకుని చదివేది. పేజీ తిప్పే ముందు కొంగుకి వేలు తుడుచుకునేది. కథ నిదానంగా నడిచినంతసేపూ తుడుచుకోవడం గుర్తుండేది. కథలో పిల్ల ఆపదలో పడిందా, ఇంక కొంగెవరికి గుర్తు, నెయ్యెవరికి గుర్తు!

ఒకనాడు ధర్మరాజు ఆవిడ తిరిగిచ్చిన పుస్తకాన్ని వెలుతురుకెత్తి పట్టాడు.

"చూడండమ్మా. నెయ్యి తాగి కాగితం గాజుపలకైపోయింది. ఇటు పేజీలో పెళ్లవుతోంది, అటు పేజీలో శవం లేస్తోంది. రెండూ ఒకేచోట కనపడతన్నాయి. చదివినోళ్లు అక్షింతలెయ్యాలాండీ, ఏడవాలాండీ?"

"మంచి నెయ్యేనండీ అది. ఇంట్లో కాసిన గేదె నెయ్యి," అంది సత్యదుర్గ.

"ఆయ్, చీమలూ అదే అన్నాయండి. అల్మరా అంతా ఇప్పుడు వాటిదే. పైగా కొట్టుకొచ్చినోళ్లు పుస్తకం పేరడగట్లేదండీ. సత్యదుర్గమ్మగారి నెయ్యి ఎక్కడెక్కువుంటే అక్కడ కథ బాగుంటదంట, అలాంటిదే ఇమ్మంటన్నారు. మీరొచ్చి కూర్చోండి, టీ చెప్తాను. పుస్తకం మాత్రం అడక్కండి."

అలా అద్దె పుస్తకం ఆగిపోయింది. ఇంక మిగిలింది మొగుడు గణపతి. శనివారాలు వాడపల్లి గుడి దగ్గరా, తక్కిన రోజులు రావులపాలెం బస్సుల దగ్గరా పూతరేకులమ్ముతాడు. ఆయన పేరు మీద పుస్తకం తెప్పించి, సాయంత్రం పొయ్యి పక్కన పీట వేసి చదివించేది. గణపతి కంఠం బస్సుల దగ్గర ఆరితేరిన కంఠం. ప్రేమలేఖైనా, చావుకబురైనా "రాజోలు, అమలాపురం, ముక్తేశ్వరం" అన్నట్టే చదివేవాడు. అయినా సర్దుకుంది. దిండంత నవలని రెండు పూటల్లో ముగించేసేవాడు. మా ఆయన చదువే చదువని మురిసిపోయింది కూడా.

ఓ రోజు రూతు టీచరు రేకుల కోసం వచ్చారు. కాలవ అవతల బళ్లో పాఠాలు చెప్పే ఆవిడ. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ ఈ ఇంటి పూతరేకులే కావాలంటారు. మాటల్లో గణపతి చదివి ముగించిన నవల సంగతొచ్చింది.

"పాపమండీ, జమీందారుగారు పాము కరిచి పోయేరు," అంది సత్యదుర్గ.

"ఎవరు పోయేరండీ? ఆఖరి పేజీలో మనవడికి పేరు పెట్టేది ఆయనే కదా!"

సత్యదుర్గ మొగుడి వైపు తిరిగింది. గణపతి గంప సర్దుకుంటున్నాడు. సర్దిన గంపే మళ్లీ సర్దుకుంటున్నాడు.

"ఏవండీ, ఆ పాము ఎక్కణ్ణుంచొచ్చింది?"

"నేనే తెచ్చేను," అన్నాడు గణపతి, తలెత్తకుండా. "ఆయన బతికుంటే ఇంకా సగం పుస్తకం చదవాల్సొస్తంది మరి."

తరచి తరచి అడిగితే తేలిందేమంటే, అంతకుముందు నవలలో పడవ మునిగిందీ, దానికి ముందుదాంట్లో ఇల్లు తగలబడిందీ గణపతి చేతుల మీదుగానే. ఆ రోజు నుంచి ఆయన పీట గోడకి చేరింది.

తర్వాత ఇంటికి టీవీ వచ్చింది. సత్యదుర్గకి అది నచ్చలేదు. టీవీలో కథ దాని ఇష్టమొచ్చినప్పుడొస్తుంది, దాని ఇష్టమొచ్చినప్పుడు పోతుంది. మధ్యలో సబ్బులమ్ముతారు. పుస్తకంలో అయితే మనిషి ముఖం మనమే అనుకోవచ్చు. కథలో పిల్ల ఎలా ఉండాలో తనకి తెలుసు. ఇంకెవరో ఎందుకు చూపించాలి?

రెండు వేల అయిదో ఆరో సంవత్సరం. సత్యదుర్గ రేకుల డబ్బా ఇవ్వడానికి రూతు టీచరు ఇంటికెళ్లింది. టీచరు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కంప్యూటరు కేసి చూస్తున్నారు. చేతులు కాయల్లో, కళ్లు అద్దంలో. అద్దంలో బొమ్మల్లేవు, అక్షరాలు. అవి నెమ్మదిగా, గోడెక్కే చీమల్లా, పైకి పాకుతున్నాయి.

సత్యదుర్గ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు తిప్పుతన్నారండీ దాన్ని?"

"ఎవరూ తిప్పక్కర్లేదండీ. పుస్తకమే. ఈ-బుక్‌ అంటారు. కువైట్‌ నుంచి మా తమ్ముడు సీడీ నిండా పంపేడు. ఒకసారి మీట నొక్కితే దానంతటదే జరుగుద్ది."

"నెమ్మదిగా జరగమంటే?"

"నెమ్మదిగానే."

"అక్షరం పెద్దదవుద్దాండీ?"

టీచరు చూపించారు. ఆవగింజంత ఉన్న 'క' ఆవకాయ ముక్కంత అయింది.

"మరి నెయ్యి అంటుకుంటే?"

"మీరు దాన్ని ముట్టుకోనే అక్కర్లేదు కదండీ!"

సత్యదుర్గ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎండలో పెడితే పాడవుద్దా, కరెంటు పోతే చదివిన చోటు గుర్తుంటుందా, ఇందులో మనుషుల్ని మధ్యలో చంపేసే వీలు ఎవరికైనా ఉంటుందా, అని ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉంది. ఆ అడగడంలో టీచరు చిక్కుళ్లు కూడా తనే ఒలిచేసింది. ఆఖరికి, తమ్ముడు వచ్చేటప్పుడు కొత్త కంప్యూటరు తెస్తాడని, దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తానని టీచరు నోరుజారారు.

"ఎవరికైనా ఏంటండీ, నాకే. మీ అమ్మాయి శాంతి పెళ్లికి రేకులన్నీ మా ఇంటివి. డబ్బుల ఊసెత్తితే నా మీద ఒట్టే!"

అలా ఆ డబ్బా రిక్షా ఎక్కి వచ్చింది. వెనక్కి టీవీ అంత పొడుగున్న పాతకాలపు మోనిటరు. దాన్ని గదిలో బల్ల మీద పెట్టి కిటికీలోంచి వసారాలోకి చూసేటట్టు తిప్పారు. పొగ తగలకుండా, పిండి పడకుండా. పొయ్యి ముందు కూర్చున్న సత్యదుర్గకి, పెద్ద చేసిన అక్షరాలు సినిమా పోస్టరంత స్పష్టంగా కనబడ్డాయి. మీటలున్న పలకని పాలిథిన్‌ కవరులో చుట్టి, తీగ కిటికీలోంచి లాగి పీట పక్కన కింద పెట్టుకుంది. పిండి చేత్తో ముట్టుకోకూడదు కనక, ఆపాల్సొచ్చినప్పుడు కాలి బొటనవేలితో నొక్కింది.

"ఏయ్!" అని వీరాయమ్మ పెట్టిన కేకకి కుండ మీది రేకు చిరిగింది. "పుస్తకాన్ని కాలితో తొక్కుతావా? సరస్వతి కాదూ!"

"పుస్తకం లోపలుందండీ అత్తయ్యగారూ. ఇది మీటలే."

"అయితే అది పుస్తకం కాదన్నమాట."

"పుస్తకమేనండీ."

"పుస్తకమైతే కాలు తగలకూడదు. పుస్తకం కాకపోతే నా పొయ్యి దగ్గర దానికేం పని? ఏదో ఒకటి తేల్చు."

సత్యదుర్గ పలకని ఇంకో పీట మీదకెత్తి, ఆ రోజు నుంచి మోచేత్తో నొక్కడం మొదలుపెట్టింది. వీరాయమ్మ అంతటితో వదల్లేదు. శనివారం గుడికెళ్లే గంపలో ఒక్క రేకు మందంగా వచ్చినా, ఒక్కటి మాడినా, ఆ డబ్బాని వచ్చిన రిక్షాలోనే వెనక్కి పంపిస్తానంది. ఆ ఇంట్లో పొయ్యికి సంబంధించినంతవరకు ఆవిడ మాటే మాట. గణపతి కూడా నోరెత్తడు.

రేకు మాడిందా, కథ పోయినట్టే. అందుకని సత్యదుర్గ ఒక ఉపాయం చేసింది. వరసలు జరిగే వేగాన్ని తన చేతి వేగానికి సరిపెట్టింది. గుడ్డ ముంచేటప్పుడు ఒక వరస, లాగేటప్పుడు చూపు కుండ మీద, రేకు తీసి పక్కన పెట్టేటప్పుడు ఇంకో వరస. మొదట్లో కూడబలుక్కుంటూ చదివేది. పోనుపోను అక్షరాలే ఆవిడ వెంట పరిగెత్తాల్సొచ్చింది. కరెంటు కోత వేళలు కనుక్కుని, ఆ వేళకి పిండి రుబ్బుకుని, కరెంటుండే వేళకి పొయ్యి వెలిగించేది. విచిత్రం ఏమిటంటే, రేకులు మునుపటికంటే పల్చగా వచ్చాయి. పరధ్యానం పోయింది మరి! ఇదివరకు ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని, కథలో తర్వాత ఏమై ఉంటుందోనని ఆలోచించేది. ఇప్పుడు ఏమైందో కళ్లెదురుగానే ఉంది.

పక్కన కూర్చుని రేకులు చుట్టే వీరాయమ్మకి చదువు రాదు. కోడలు గొణుగుతూ చదువుతుంటే, విననట్టు మొహం అటు తిప్పుకుని చుట్టేది. ఒకరోజు సత్యదుర్గకి జలుబు చేసి లోలోపల చదువుకుంది. కాసేపు ఓర్చుకుంది వీరాయమ్మ.

"నోరు పడిపోయిందా?"

"జలుబండీ."

"మిరియాల కషాయం పెడతాను. ఆ వనజ, తాళి కట్టించుకుందా, లేచి పోయిందా? అది చెప్పి పడుకో."

నవలలో వనజ, ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవాలని చూస్తోంది. వీరాయమ్మ వనజ పక్షమే. పెళ్లికొడుకుని రోజూ నాలుగు తిట్టేది. అలాగని డబ్బాతో రాజీ పడలేదు. "కథ మంచిదే. ఆ పెట్టె మాత్రం పుస్తకం కాదు," అంటూనే ఉండేది.

శ్రావణంలో ముసురు పట్టింది. తేమకి రేకులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. శనివారం దగ్గరపడుతోంది. ఆ పూట వాన ఆగకుండా కురుస్తోంది. సత్యదుర్గ రేకు తీస్తూ చదువుతోంది.

"వనజ రేవులో పడవెక్కింది. ముసుగులో ఉన్న సరంగు తెడ్డు పక్కన పెట్టి, మెల్లగా ముసుగు తీశాడు. అతని మొహం చూసి వనజ..."

అద్దం నల్లబడిపోయింది.

కరెంటు పోలేదు. బల్బు వెలుగుతూనే ఉంది. గదిలోంచి ఏదో కమ్మటి మాడు వాసన. సత్యదుర్గ పిండి చేతులతోనే లోపలికి పరిగెత్తింది. మోనిటరు వీపు మీద, గాలి కన్నాలన్నీ మూసుకుపోయేలా, దొంతరలు దొంతరలుగా పూతరేకులు. వాటి మీద దుప్పటి.

"వెచ్చగా ఉంటాది కదా అని..." అంది వెనకే వచ్చిన వీరాయమ్మ. "రెండ్రోజుల్నుంచి పెడతన్నాను. బాగా గలగలలాడతన్నాయి. నేనేం చేసేను? దానికీ చలేస్తందేమోనని దుప్పటి కప్పేను."

గణపతి వచ్చి మోనిటరు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేశాడు. "ఇది పోయింది. ఎలాగూ నువ్వు బయటికి పంపించేస్తానన్నావు కదమ్మా. తూకానికి వేసేద్దాం."

సత్యదుర్గ వచ్చి పొయ్యి ముందు కూర్చుని గుడ్డ ముంచింది. లాగిన రేకు లాగినట్టే మాడిపోయింది. ఇంకోటీ మాడింది. తీసి పక్కన పడేసింది. వీరాయమ్మ మాడిన రేకుల్ని చూసింది, కోడలి మొహం చూసింది. శనివారం గంప సంగతి ఆవిడ నోటివెంట రాలేదు.

"తూకానికా?" అని కొడుకు మీదకి లేచింది. "నోరుముయ్యరా! వానలో గొడుగుపట్టి రావులపాలెం తీసుకెళ్లు. బాగు చేయించకుండా ఇంటికి రాకు. ఆ సరంగు ఎవడో నాకు తెలియాలి."

"సరంగు ఎవరో నేను చెప్తానమ్మా. ఆ పెళ్లికొడుకే. పడవ మునిగి..."

"నువ్వు చెప్పకు!" అన్నారు అత్తా కోడలూ ఒక్క గొంతుతో.

బాగు చేసేవాడు రేపు మాపు అన్నాడు. ఈలోగా కబురు బజారుకి చేరింది. కొట్టు బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న ధర్మరాజు అదే నవల చంకన పెట్టుకుని వచ్చాడు. వసారాలో పీట వాల్చుకున్నాడు.

"అయిందాండీ మీ గాజుపెట్టె సంబడం? పుస్తకానికి కరెంటక్కర్లేదు, దుప్పటక్కర్లేదు. ఇదుగో, నేనే పట్టుకుంటాను, మీరు చదువుకోండి. ముట్టుకోవద్దు."

మాట ప్రకారం పుస్తకం చాచి పట్టుకున్నాడు. సత్యదుర్గ కళ్లు చికిలించింది.

"కొంచెం అక్షరం పెద్దది చెయ్యండి ధర్మరాజుగారూ."

"ఎలాగమ్మా? నేనే ముందుకి జరుగుతాను."

జరిగాడు. పొయ్యి వేడికి వెనక్కి జరిగాడు. పేజీ తిప్పబోయి ఆగి, ఈ నవల ఎవరెవరు తీసుకెళ్లారో, ఎవరు తిరిగివ్వలేదో చెప్పుకొచ్చాడు. తుమ్మాడు. మంచినీళ్లడిగాడు. తీరా వనజ పడవెక్కిన పేజీ వచ్చేసరికి అది ఇదివరకు ఎవరో సత్యదుర్గ పూతరేకులు తింటూ చదివితే నెయ్యి తాగిన పేజీ. సరంగు ముసుగు తీసిన చోట, వెనక పేజీలో వంకాయ కూర వడ్డిస్తున్నారు.

"ఎవడంట?" అంది వీరాయమ్మ.

"వనజ మేనబావ లాగున్నాడండీ. లేకపోతే వంకాయో," అంది సత్యదుర్గ.

ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ధర్మరాజు కళ్లు తుడుచుకుని, "ఇది మాత్రం మీ నెయ్యి తప్పేనండీ," అన్నాడు. ఆయన చేతిలో వీరాయమ్మ రెండు పూతరేకులు పెట్టింది. ముందు పుస్తకం మూసి పక్కన పెట్టించి, ఆ తర్వాతే పెట్టింది.

మూడో రోజు గణపతి మోనిటరు మోసుకొచ్చాడు. సత్యదుర్గ పొయ్యి వెలిగించకముందే అది వెలిగింది. వదిలిన చోటే పడవ, వదిలిన చోటే ముసుగు. మేనబావే. వంకాయ కాదు. వీరాయమ్మ "నే చెప్పలా!" అంది, ఎప్పుడూ చెప్పకపోయినా.

"మా పుస్తకంలో వాసనుంటదండీ. దీంట్లో ఏముంది?" అన్నాడు అది చూడ్డానికొచ్చిన ధర్మరాజు, ఆఖరి ప్రయత్నంగా.

"నా చేతికి రోజంతా నేతి వాసనే కదండీ. ఇంకో వాసనెందుకు?" అంది సత్యదుర్గ, మోచేత్తో మీట నొక్కుతూ. "మీ పుస్తకం బంగారమే. చేతులు ఖాళీ ఉన్నోళ్లకి. నాకిదే పుస్తకం."

వీరాయమ్మ చుట్టిన రేకుల పళ్లెం పట్టుకుని లేచింది. గడప దాటబోతూ కిటికీలోంచి వేలాడుతున్న తీగని చూసుకోక కాలితో తన్నేసింది. అద్దంలో అక్షరాలు ఓసారి వణికాయి. ఆవిడ ఆగింది. పళ్లెం గట్టు మీద పెట్టి, నడుం పట్టుకుని వంగి, ఆ తీగని వేళ్లతో తాకి, ఆ వేళ్లని కళ్లకద్దుకుంది.

సత్యదుర్గ గుడ్డ పిండిలోనే వదిలేసి చూసింది.

"అదేంటండీ అత్తయ్యగారూ? పుస్తకం కాదన్నారు?"

"కుండ చూసుకో, మాడతాది," అంది వీరాయమ్మ, పళ్లెం అందుకుంటూ. "చదువు. పైకి చదువు."